లెక్కలోకి రానివాళ్లు



డిగ్రీలోనూ పీజీలోనూ మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం, సోషల్ వర్క్ తీసుకునే పిల్లల్లో చాలామంది లెక్కలను తప్పించుకుందామనే ఆ దారి పట్టి ఉంటారు. తీరా సిలబస్ విప్పి చూస్తే స్టాటిస్టిక్స్ పేపరొకటి ఎదురుగా కూర్చుని ఉంటుంది. సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం, సహసంబంధం, పరికల్పన పరీక్ష. ఈ పేర్లు వింటేనే కొందరికి గుండె జారుతుంది. సూత్రాలు బట్టీపట్టి, పరీక్ష రాసి, ఆ సాయంత్రానికే మరిచిపోతారు.

ఈరోజు నేను సూత్రాలు చెప్పబోవడం లేదు. ఆ పని చేతిలోని ఫోను కూడా చేసిపెడుతుంది. కర్నూలు, కడప జిల్లాల నేల మీద నిలబడి ఆ సూత్రాల వెనకున్న ఆలోచన చెబుతాను. నా ఉద్దేశంలో ఆ ఆలోచన ఒక్కటే. ఒక అంకె కనబడగానే, దీనిలోకి రానిదేమిటి, రానివాళ్లెవరు అని అడగాలి. అలా అడగడం వచ్చినవారికి స్టాటిస్టిక్స్ సగం వచ్చినట్టే.

సగటుతో మొదలుపెడదాం. ఉమ్మడి కర్నూలు జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు. కడప జిల్లాది సుమారు 700. ఈ అంకెను నమ్ముకుని వేరుశనగ విత్తే రైతు మన రాయలసీమలో ఉన్నాడా? వాన ఎప్పుడు పడుతుంది, పడ్డాక మధ్యలో ఎన్నాళ్లు ఎగ్గొడుతుంది అన్నదే అతని బెంగ. 2009 గుర్తుచేసుకోండి. ఆ ఏడు నైరుతి రుతుపవనాలు దేశమంతటా మొహం చాటేశాయి. 1972 తర్వాత అంత లోటు ఎన్నడూ లేదు. అలాంటి ఏడాదిలోనే సెప్టెంబరు చివర వానలు పట్టుకున్నాయి. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలు నగరాన్ని ముంచేశాయి. శ్రీశైలం జలాశయంలోకి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. ఎండిన నెలలనూ మునిగిన రోజులనూ కూడి పన్నెండుతో భాగిస్తే నెలకింత అని ఒక సగటు వస్తుంది. దానిలో ఆ ఎండా కనబడదు, ఆ వరదా కనబడదు.

మనుషుల విషయంలోనూ ఇంతే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం. విడదీసి చూస్తే మగవాళ్లలో సుమారు 70, ఆడవాళ్లలో సుమారు 50. అరవై అనే అంకె ఇద్దరిలో ఎవరిదీ కాదు. కడప జిల్లాలో మొత్తం మీద 67 శాతం, మగవాళ్లలో సుమారు 78, ఆడవాళ్లలో సుమారు 57. అక్కడా అదే ఎడం. కర్నూలు జిల్లా మొత్తాన్ని ఒక్క అంకెలో చెప్పినప్పుడు కోసిగి లాంటి పడమటి మండలంలోని ఆడపిల్ల ఆ అంకె చాటున ఉండిపోతుంది.

కాబట్టి సగటు చెప్పినవారిని వెంటనే రెండో ప్రశ్న అడగాలి. చెదురు ఎంత? రెండు కాలేజీలు ఊహించుకోండి. రెండింటిలోనూ విద్యార్థుల పరీక్షభయాన్ని నూటికి కొలిచారు. రెండు చోట్లా సగటు 50 వచ్చింది. మొదటి కాలేజీలో సగం మందికి 45, సగం మందికి 55. రెండోదానిలో సగం మందికి 20, సగం మందికి 80. సగటు నుంచి ఒక్కొక్కరు ఎంత దూరంలో ఉన్నారో లెక్కగట్టి చెప్పేదే ప్రామాణిక విచలనం, మీరు క్లాసులో స్టాండర్డ్ డీవియేషన్ అనేది. మొదటి కాలేజీకి అది 5, రెండోదానికి 30. కౌన్సెలర్‌ను ఏ కాలేజీకి ముందు పంపాలి? సగటు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. విచలనం చెబుతుంది. రెండో కాలేజీలో యాభై దగ్గర ఒక్కరూ లేరు. అయినా రిపోర్టులో మాత్రం 'సగటు విద్యార్థికి భయం మధ్యస్థంగా ఉంది' అని రాసేస్తారు. లేని మనిషి గురించి రాసిన వాక్యమది.

ఆదాయాల దగ్గర మధ్యగతం ఆదుకుంటుంది. తొమ్మిది ఇళ్లలో నెలకు ఎనిమిదేసి వేలు, పదో ఇంట్లో రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలు వస్తున్నాయనుకోండి. సగటు ముప్పై వేలు తేలుతుంది. అందరినీ వరసలో నిలబెట్టి నడిమివారిని అడిగితే ఎనిమిది వేలంటారు. ఆ వీధి బతుకు ఆ ఎనిమిది వేలలోనే ఉంది.

ఇక నమూనా సంగతి. మీలో చాలామంది ప్రాజెక్టు కోసం ప్రశ్నావళి పట్టుకుని పల్లెకు పోతారు. సాధారణంగా సెలవులు చూసుకుని, సంక్రాంతి ముందో వెనకో పోతారు. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఆ రోజుల్లో ఎన్నో ఇళ్లకు తాళాలుంటాయి. ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి ఉంటారు. గుంటూరు వైపు పత్తి తీతకు, మిరపకాయల కోతకు, లేదంటే బెంగళూరులో కట్టడాల పనికి. తాళం పడని ఇళ్ల అరుగుల మీద మిగిలేది ముసలివాళ్లు, వాళ్ల ఒళ్లో పసిపిల్లలు. మీరు ఉన్నవాళ్లనే అడుగుతారు, వచ్చిన జవాబులు శ్రద్ధగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు, 'ఈ గ్రామంలో ఒంటరితనం ఎక్కువ' అని తేలుస్తారు. తాళం పడిన ఇళ్లు మీ పట్టికలో ఉండవు. ఆ ఇంటివాళ్ల అప్పు, నిద్ర, బడి మానిన పిల్ల, ఏవీ ఉండవు. పోలేనివాళ్లకూ పోయినవాళ్లకూ తేడా ఉంది కాబట్టి మీ ఫలితం ఒక పక్కకు ఒరిగిపోతుంది. దీన్నే పక్షపాత నమూనా అంటారు.

మరి నమూనా పెద్దది తీసుకుంటే ఈ లోపం పోతుందా? పోదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి దాకా కార్డులు పంపింది. సుమారు 24 లక్షల జవాబులొచ్చాయి. లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని ప్రకటించింది. 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నవాడు రూజ్వెల్ట్. ఆ పత్రిక చిరునామాలు చాలావరకు టెలిఫోను పుస్తకాల నుంచీ, కార్ల రిజిస్టర్ల నుంచీ తీసుకుంది. ఆర్థిక మాంద్యంలో ఫోనూ కారూ లేనివాళ్లు లెక్కలోకే రాలేదు. పైగా కార్డు అందుకున్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది తిరిగి రాయలేదు. అదే ఎన్నికలో జార్జ్ గాలప్ అనే సర్వేల నిపుణుడు దాదాపు 50 వేల మందినే అడిగి గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు.

అన్నమంతా పట్టి చూడనక్కర్లేదు, ఒక్క మెతుకు చాలంటారు. నిజమే. కానీ సంగటి సరిగ్గా గెలకకుండా ఉంటలు మిగిలిపోతే ఒక్క ముద్ద తిని మొత్తం ఉడికిందని చెప్పగలమా? నమూనా తీయడంలో ఆ గెలికే పనిని చీటీలు చేస్తాయి. ఊరిలోని ఇళ్లన్నిటి జాబితా ముందు పెట్టుకుని, ఏ ఇల్లనేది మన ఇష్టానికి వదలకుండా చీటీ తీయాలి. తాళం పడిన ఇంటి చీటీ వస్తే పక్కింటికి జరగకూడదు. ఆ ఇంటివాళ్లు ఎక్కడున్నారో కనుక్కోవాలి, ఉగాదికి తిరిగొచ్చాక మళ్లీ పోవాలి. అప్పటికీ దొరక్కపోతే 'దొరకలేదు' అని రాసుకోవాలి.

సరే, సరైన మనిషినే పట్టుకున్నాం. అతను చెప్పేది నిజమేనా? నోట్‌బుక్కూ పెన్నూ పట్టుకున్న పరాయిమనిషి వచ్చి 'మీకు దిగులుగా ఉంటుందా' అంటే మన పల్లెమనిషి ఏమంటాడు? 'బాగుండాం సార్' అంటాడు. తాగుతావా అంటే లేదంటాడు. పథకం కోసం వచ్చారనుకుంటే లేని కష్టం కూడా చెబుతాడు. ప్రవర్తనను కొలిచేవారికి ఇది రోజూ ఎదురయ్యే చిక్కు.

ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకమంతా సి.ఆర్.రావు అని పిలిచిన గణాంకశాస్త్రవేత్త. 1920 సెప్టెంబరు 10న బళ్లారి జిల్లా హూవినహడగలిలో పుట్టారు. అప్పట్లో కడప, కర్నూలు, అనంతపురాలతో పాటు బళ్లారి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోని దత్తమండలాల జిల్లాయే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో ఆయన రాసిన ఒక్క వ్యాసంతో స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో ఆయన పేరు శాశ్వతంగా చేరింది. 2023లో, నూటరెండేళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని ఆ ఆగస్టులోనే కన్నుమూశారు.

ఆయన తన పుస్తకంలో ఒక సంగతి చెప్పారు. 1947 విభజన అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో వేలాదిమంది శరణార్థులు తలదాచుకున్నారు. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. కాంట్రాక్టర్లు చెప్పినంత లెక్కకు ప్రభుత్వం భోజనం డబ్బులు కడుతోంది. అనుమానం వచ్చి గణాంకశాస్త్రవేత్తలను అడిగారు. కోటలోకి పోయి తలలు లెక్కపెట్టే వీల్లేదు. వాళ్లు కాంట్రాక్టర్ల బిల్లులు తెప్పించుకుని బియ్యమెంత, పప్పెంత, ఉప్పెంత అని చూశారు. మనిషికి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు కావాలో తెలుసు కాబట్టి భాగించారు. బియ్యం ప్రకారం మనుషులు చాలామంది తేలారు. ఉప్పు ప్రకారం బాగా తక్కువ. ఖరీదైన సరుకుకు దొంగలెక్క రాస్తారు గానీ చవకైన ఉప్పుకు అబద్ధమాడి ఎవరు బాగుపడతారు? అందుకని ఉప్పు చెప్పిన అంకెనే తీసుకున్నారు. శరణార్థుల సంఖ్య వేరేగా తెలిసిన హుమాయూన్ సమాధి దగ్గర ఇదే పద్ధతి వాడి చూస్తే సరిపోయింది.

ప్రవర్తనను చదివే పిల్లలకు దీనికి మించిన పాఠం లేదు. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎక్కడ లేదో అక్కడ కొలవాలి. సూటిగా అడగక తప్పనప్పుడు కూడా దారి ఉంది. 1965లో స్టాన్లీ వార్నర్ అనే పరిశోధకుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. దాని సులువైన రూపం చెబుతాను. 'తాగుతావా' అని అడిగి, ఎదుటివారిని చాటుగా నాణెం ఎగరేయమనండి. బొమ్మ పడితే ఏమైనా సరే 'అవును' అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. ఇప్పుడు 'అవును' అన్న మనిషి తాగుతాడో, బొమ్మ పడిందో మీకు తెలియదు. అతనికి భయం పోతుంది. నూరుమందిలో అరవైమంది 'అవును' అన్నారనుకోండి. వాళ్లలో ఇంచుమించు యాభైమంది బొమ్మ పడినవాళ్లు. మిగతా యాభైమందిలో పదిమంది నిజంగా అవునన్నారు. అంటే నూటికి ఇరవై. ఒక్క మనిషి గుట్టూ బయటపడలేదు, ఊరి సంగతి తెలిసిపోయింది.

తర్వాతిది సహసంబంధం. బోర్లు ఎక్కువున్న ఊళ్లలో అప్పులూ ఎక్కువున్నాయని మీ సర్వేలో తేలిందనుకుందాం. బోర్లే అప్పులు తెచ్చాయని రాసేస్తామా? బోరు వేయించడానికి అప్పు చేసి ఉండవచ్చు. అప్పు తీర్చడానికి ఇంకో పంట పెడదామని బోరు వేయించి ఉండవచ్చు. వరసగా నాలుగేళ్లు వాన తప్పి, బోరునూ అప్పునూ రెండింటినీ అదే తెచ్చి ఉండవచ్చు. ఆ వాన మీ ప్రశ్నావళిలో లేదు కాబట్టి మీ లెక్కలోకి రాలేదు. రెండు అంకెలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పకండి. మూడోది ఏదైనా ఉందేమో వెతకండి.

బోరు మాట వచ్చింది కాబట్టి మన సీమలో బాగా తెలిసిన మనిషి దగ్గరికి పోదాం. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకునో, పంగలకర్ర పట్టుకునో పొలమంతా నడిచి బోరు పాయింటు చూసేవాడు. కాయ నిటారుగా లేచిన చోట నీళ్లున్నాయంటాడు. ఈ మాట నిజమో కాదో తేల్చాలంటే ఏం చేయాలి?

'మా పొలంలో చూశాడు, రెండించుల నీళ్లు పడ్డాయి' అని చెప్పేవాళ్లు ఊరూరా దొరుకుతారు. బోరు ఫెయిలైనవాళ్లు ఆ కబురు ఊరంతా తిరిగి చెప్పరు. జూన్‌లో తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్ల సంగతీ ఇదే. రాయి దొరికినవాడి వార్త పేపర్లో వస్తుంది. ఉత్తచేతుల్తో బస్సెక్కినవాళ్ల వార్త రాదు. చదివినవాళ్లకు వజ్రం దొరకడం తేలికనిపిస్తుంది. ఇంకో మాట. ఆ ప్రాంతంలో ఎక్కడ తవ్వినా పదింట ఏడు బోర్లకు నీళ్లు పడతాయనుకుంటే, కొబ్బరికాయ లేకుండా కళ్లు మూసుకుని చెప్పినా ఏడుసార్లు నెగ్గుతాం. కాబట్టి కాయతో చూసిన బోర్లను, కాయ లేకుండా వేసిన బోర్లతో పోల్చాలి. పోల్చడానికి రెండో గుంపు లేని అధ్యయనం ఏదీ తేల్చదు.

ఇలాంటి మాటను పరీక్షించే దారి ఒకటి ఉంది. సి.ఆర్.రావు కేంబ్రిడ్జిలో రోనాల్డ్ ఫిషర్ అనే గణాంకశాస్త్రవేత్త దగ్గర పరిశోధన చేశారు. ఆ ఫిషర్ 1935లో రాసిన పుస్తకంలో ఒక పరీక్ష ఉంది. కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంది. ఫిషర్ ఆమెను వెక్కిరించలేదు. ఎనిమిది కప్పులు పెడదాం, నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు, వరస చీటీ తీసి నిర్ణయిద్దాం అన్నాడు. ఎనిమిదింటిలో నాలుగు ఎంచుకునే దారులు 70. ఏమీ తెలియని మనిషి ఊరికే ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం డెబ్భైలో ఒకటి. 'ఈవిడకు ఏ శక్తీ లేదు, అంతా అదృష్టమే' అని మొదట అనుకోవడమే శూన్య పరికల్పన. అది నిజమైతే ఇలాంటి ఫలితం ఎంత అరుదో చెప్పేదే మీరు పి-విలువ అని చదివేది. నూటికి ఐదు కంటే అరుదైతే సార్థకమని లెక్కిస్తారు. ఆ ఐదు దేవుడు గీసిన గీత కాదు, వాడుకలో స్థిరపడిన హద్దు.

మన కొబ్బరికాయ మనిషికీ ఇదే పరీక్ష పెట్టవచ్చు. మూతపెట్టిన ఎనిమిది డ్రమ్ములు, నాలుగింటిలో నీళ్లు, నాలుగింటిలో ఇసుక. ఏది ఎక్కడుందో పక్కన నిలబడినవారికి కూడా తెలియకూడదు, తెలిస్తే వాళ్ల ముఖమే చెప్పేస్తుంది. 'డ్రమ్ము నీళ్లు వేరు, భూమిలో నీళ్లు వేరు' అని అతను అంటే ఆ అభ్యంతరం న్యాయమైనదే. అతనికి ఏ పరీక్ష సరైనదో ముందే అడిగి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. ఫలితం వచ్చాక నియమాలు మార్చకూడదు. మనకైనా, అతనికైనా.

1980ల చివర జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఇంచుమించు ఇదే జరిగింది. ఒక కొట్టంలో కింద నీటి గొట్టాన్ని అటూ ఇటూ జరుపుతూ, పై అంతస్తులో నడిచి అది ఎక్కడుందో చెప్పమన్నారు. 500 మందిని చూసి 43 మందిని ఏరారు. వాళ్లతో 843 పరీక్షలు చేశారు. కొద్దిమందికి శక్తి ఉందని ఆ పరిశోధకులు ప్రకటించారు. జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే అంకెలు మళ్లీ చూసి, ఊరికే ఊహిస్తే వచ్చే ఫలితానికి మించి ఏమీ లేదన్నాడు. అంతమందిని పరీక్షిస్తే ఎవరో ఒకరు అదృష్టం కొద్దీ నెగ్గకపోరు. డెబ్భైమందికి టీ పరీక్ష పెట్టినా ఒకరు గెలవవచ్చు. గెలిచిన ఒక్కరి గురించే రాసి, ఓడిన అరవైతొమ్మిదిమందిని వదిలేస్తే అది శాస్త్రం అనిపించుకోదు.

బోరు దగ్గర మనసు చేసే ఇంకో మాయ ఉంది. నాలుగు బోర్లు ఫెయిలయ్యాయి, ఐదోదానికి తప్పక పడతాయని రైతు మళ్లీ అప్పు తెస్తాడు. నాణెం విషయంలోనైతే గతం భవిష్యత్తును మార్చదు. అదే చేనిలో బోర్ల విషయంలో గతం మార్చుతుంది, అయితే మనం కోరుకున్న వైపుకు కాదు. నాలుగు చోట్ల నీళ్లు లేవంటే అక్కడి రాతిలో నీళ్లు తక్కువని భూమి నాలుగుసార్లు చెప్పినట్టు. సంభావ్యత తెలిసిన విద్యార్థి ఒకరు ఆ ఇంట్లో ఉంటే ఐదో అప్పు ఆగవచ్చు.

విద్యార్థులారా, ఈ సంవత్సరం మీరు చేసే ప్రాజెక్టులో ఒక పని చేయండి. ఎంతమంది జవాబిచ్చారో రాసే పేజీలోనే, ఎంతమంది దొరకలేదో, ఎంతమంది కాదన్నారో, ఏ ఇళ్లకు తాళాలున్నాయో, ఎందుకున్నాయో రాయండి. సగటు పక్కన చెదురు రాయండి. మీరు అనుకున్నది తేలకపోతే తేలలేదనే రాయండి. దానికి మార్కులు తగ్గించవద్దని అధ్యాపకులకు నా విన్నపం. సీమ గురించి బయటివాళ్లు రాసిన అంకెలు చాలా ఉన్నాయి. లెక్కలోకి రాని మనుషులను వెతికి పట్టుకుని, సరైన అంకెలు రాయాల్సింది ఇక్కడ పుట్టి పెరిగిన మీరే.